ఆర్తుర్ ష్నాబెల్: పియానో వాదకుని వ్యాఖ్యాన ధర్మము

పాశ్చాత్య సంగీతమునఁ గృతికర్త వేఱు, ప్రయోక్త వేఱు. కృతికర్త తన కృతిని స్వరలిపిలో వ్రాసి ప్రకటించును. ప్రయోక్త యా లిపిని జదివి వాద్యముపైఁ బలికించును. గురుముఖమున నేర్వఁబడి తరతరమునకు సంగతులతోఁ బెరుగుచు వచ్చు మన కీర్తనవంటిది గాదు వారి సొనాటా. ఏ స్వర మెంతకాలము నిలువవలయునో, ఏది బిగ్గరగా నేది మెల్లగాఁ బలుకవలయునో, ఎచ్చట విరామ ముండవలయునో కృతికర్తయే వ్రాసి యుంచును. అట్లయినఁ బ్రయోక్తకు మిగిలిన పని యేమి? వ్రాసినది వ్రాసినట్లు మ్రోయించుట మాత్రమే యైనచో నా పని యంత్రమును జేయఁగలదు. తన బుద్ధికిఁ దోఁచినట్లు మార్చుట యైనచో నది కృతికర్తకు ద్రోహము. ఈ రెంటి నడుమ నున్న సన్నని త్రోవను గుఱించి పాశ్చాత్య విమర్శకులు చిరకాలముగా వాదించుచున్నారు. ఆ వాదమునఁ దఱచుగాఁ బేర్కొనఁబడు వాదకులలో ఆర్తుర్ ష్నాబెల్ (1882-1951) ముఖ్యుఁడు. ఆతఁడు వాదకుఁడు, బోధకుఁడు, గ్రంథ పరిష్కర్త, కృతికర్త. ఇందు మొదటి మూఁడు పనులలోను ఆతని పట్టు ఒక్కటియే: ప్రయోక్త మూలమునకు వ్యాఖ్యాతయే గాని స్వామి గాఁడు, యంత్రమును గాఁడు. ఆ పట్టు ఎచ్చట నిలిచినదో, ఎచ్చట జాఱినదో పరిశీలింపఁదగి యున్నది.

వ్యాఖ్యాత యను మాట తెలుఁగు పండితులకుఁ గ్రొత్త గాదు. కోలాచల మల్లినాథసూరి మూలమున లేనిది వ్రాయననియు, అనపేక్షితమైనది చెప్పననియుఁ బ్రతిజ్ఞ చేసి వ్యాఖ్య రచించెను. అట్టి ప్రతిజ్ఞ చేసినవాఁడును బాఠభేదములలో నొకదాని నేఱుకొనవలసినదే. రెండర్థములు దోఁచినచోట నొకదానికి ముందుపీట వేయవలసినదే. కాఁబట్టి వ్యాఖ్యాతకు స్వాతంత్ర్యము లేదనుట సత్యము గాదు. ఆ స్వాతంత్ర్యమునకు మూలమే హద్దనుట సత్యము. ఈ పోలిక నింతకంటె సాగఁదీయుట యనవసరము. ఒక్కటి మాత్రము చెప్పవలసి యున్నది. శబ్దార్థముల వ్యాఖ్య కాగితముపై నిలుచును, మూలము దాని ప్రక్కనే యుండును. సంగీతప్రయోక్త చేయు వ్యాఖ్యయో మూలముతోఁ గలిసి యొక్క ధ్వనియై చెవినిఁ బడును. శ్రోతకు ఏది మూలమో, ఏది వ్యాఖ్యయో వేఱుపఱచుకొను వీలు లేదు. ప్రయోక్త బాధ్యత యందువలననే హెచ్చు.

ష్నాబెల్ 1882 ఏప్రిల్ 17వ తేదీని ఆస్ట్రియా సామ్రాజ్యములోని గలీషియా ప్రాంతమున లిప్నిక్ అను నూరఁ బుట్టెను. ఆ చోటు నేఁడు పోలండు దేశమున బియెల్స్కో-బియావా నగరములోఁ జేరి యున్నది. తలిదండ్రులు యూదులు, తండ్రి వస్త్రవర్తకుఁడు. బాల్యముననే కుటుంబము వియన్నా నగరమునకుఁ దరలెను. తొమ్మిదవ యేఁట బాలుఁడు థియడోర్ లెషెటిట్‌స్కీ (1830-1915) కడ శిష్యుఁడుగాఁ జేరెను. ఆ గురువు కార్ల్ చెర్నీకి శిష్యుఁడు. చెర్నీ సాక్షాత్తు బీథోవెనుకు శిష్యుఁడు. ఇట్లు ష్నాబెల్ బీథోవెను మొదలు లెక్కింప నాలుగవ తరమువాఁడగుచున్నాఁడు. ఈ పరంపరను జీవితచరిత్రకారులు గొప్పగాఁ జెప్పుదురు గాని దానికి మితిమీఱిన విలువ యీయరాదు. పాడెరెవ్‌స్కీ, ఫ్రీడ్‌మన్, మొయిసెయివిచ్ మొదలగువారును లెషెటిట్‌స్కీ శిష్యులే. వారిలో నొకరి వాదనము మఱియొకరి వాదనమువలె నుండదు. గురువు ఘనత యచ్చటనే యున్నది. ఒకే మూసలో నందఱిని బోయక, ఎవరి స్వభావమున కేది తగునో దాని నాతఁడు గుర్తించెను.

ష్నాబెలును గూర్చి లెషెటిట్‌స్కీ యన్న మాటను శిష్యుఁడే పిమ్మటఁ బలుమాఱులు చెప్పుకొనెను. నీ వెన్నఁటికిని బియానో వాదకుఁడవు కాఁజాలవు, నీవు సంగీతజ్ఞుఁడవు, అని గురువు పలుకుచుండెనఁట. వినుటకు నిందవలె నుండు ఈ మాటలోఁ బ్రశంసయు హెచ్చరికయుఁ గలసి యున్నవి. లిస్టు రచించిన హంగేరియను రాప్సొడీలు నాఁటి వాదకులకు వ్రేళ్ల నేర్పును జూపుటకుఁ గొలఁబద్దలు. వానిని నేర్వనక్కఱ లేదని చెప్పి, షూబర్టు సొనాటాలను వాయింపుమని గురు వాదేశించెను. షూబర్టు 1828లో మరణించెను. ఆతని పాటలు లోకమంతట వ్యాపించెఁ గాని పియానో సొనాటాలను సభలలో వాయించువారు నాఁడు మిక్కిలి యరుదు. ఇంతియగాక, సంగీతశాస్త్రము నేర్చుటకు బాలుఁడు యూసెబియస్ మండిచెవ్‌స్కీ కడకుఁ బంపఁబడెను. ఈయన బ్రామ్స్‌కు సన్నిహితుఁడు, షూబర్టు సమగ్రకృతుల పరిష్కర్తలలో నొకఁడు. వ్రాఁతప్రతులను సరిచూచి, పాఠములను నిర్ణయించు పండితుని కడ బాల్యమునఁ గొంతకాలము గడపిన వాదకుఁడు మూలగ్రంథమును జూచు చూపు వేఱుగా నుండును. గురుపరంపరకంటె ఈ సాహచర్యమే ష్నాబెల్ తరువాతి చరిత్రకు హెచ్చు కారణమని చెప్పవచ్చును.

1898లో నాతఁడు బెర్లినుకుఁ దరలి, ముప్పదియైదేండ్లు అచ్చటనే యుండెను. 1905లో తెరేజా బేర్ అను గాయకురాలిని వివాహమాడెను. షూబర్టు, షూమన్, బ్రామ్స్ పాటలను ఆమె పాడఁగా నాతఁడు పియానోపై సహకరించెడివాఁడు. పియానో మెట్టును నొక్కిన వెంటనే స్వరము తగ్గిపోవఁ దొడఁగును. గాయకుని యూపిరివలె దానిని బెంచుటకుఁ గాని నిలుపుటకుఁ గాని శక్యము గాదు. ష్నాబెల్ వాదనమున నీ లోపము తోఁపకపోవుటకు, స్వరపంక్తి యొక వాక్యమువలె నెత్తుకొని, నడచి, ముగియుటకుఁ బాటతో నాతని కున్న చిరపరిచయము కొంత కారణమై యుండవచ్చును. కార్ల్ ఫ్లెష్ అను వయొలిను విద్వాంసునితోఁ గూడి చేసిన కచ్చేరీలును ఆ యలవాటును దృఢపఱచినవి.

యౌవనమున నాతఁడు వాయించిన కృతులు పలువిధములవి. వయసు ముదిరినకొలఁదిఁ గృతుల యెన్నిక సన్నగిల్లి, చివరకు మోత్సార్టు, బీథోవెను, షూబర్టు ఈ మువ్వురిచుట్టును దిరుగఁజొచ్చెను. ఎంత చక్కఁగా వాయించినను వాయించుటకంటె మిన్నయై మిగిలియుండు సంగీతమునే వాయింతునని యాతని నియమము. నాఁటి కచ్చేరీలలో మొదట గంభీరకృతులు, విరామానంతరము చిత్తరంజకమైన చిన్నకృతులు వాయించు మర్యాద యుండెను. ష్నాబెల్ చివరివఱకు గంభీరకృతులనే యుంచి, సభ ముగిసినపిదప శ్రోతలు కరతాళములతో నెంత వేడినను అదనముగ నొక్కటియు వాయింపకుండెను. ఇతరుల కచ్చేరీలు విరామమువఱకే విసుగు పుట్టించును, నావి విరామానంతరమునను విసుగు పుట్టించును, అని తన్నుఁ దానే పరిహసించుకొన్నట్లు ప్రసిద్ధి. 1927లో బీథోవెను శతవర్ధంతి సందర్భమున బెర్లినులోని ఫోక్స్‌బ్యూనె నాటకశాలయందు ముప్పదిరెండు సొనాటాలను ఏడు సభలలో వాయించి ముగించెను.

ఇంతకు ముందే యాతఁడు మఱియొక పనికిఁ బూనెను. 1924 మొదలు 1927 వఱకు ఆ ముప్పదిరెండు సొనాటాలు ఆతని పరిష్కరణముతో బెర్లినునందు అచ్చుపడెను. ఈ ముద్రణమును విప్పిచూచినవారికి మొదటఁ గలుగునది యాశ్చర్యము. ప్రతి పుటయు గుఱుతులతో నిండి యుండును. ఏ స్వరము నే వ్రేలితో నొక్కవలయునో తెలుపు నంకెలు. పంక్తులను ఎన్నెన్ని తాళఖండముల వాక్యములుగా విభజింపవలయునో తెలుపు రోమను సంఖ్యలు. ఒక్క భాగములోనే పలుమాఱులు మాఱు కాలప్రమాణపు టంకెలు. పుట యడుగున వివరణములు. వ్రేళ్ల గుఱుతులు చూచి పియానో నేర్పు సామాన్యోపాధ్యాయులు తెల్లఁబోవుదురు. సులభముగా నొక వ్రేలితో నొక్కఁదగినదానికిఁ గష్టమైన మఱియొక వ్రేలు విధింపఁబడి యుండును. ఇది పొరపాటు గాదు. చేతికి సుఖమైన మార్గము వాక్యమును దప్పుచోట విఱుచునేని, కష్టమైన మార్గముననే పోవలయునని యాతని మతము. చేయి యచ్చట తడఁబడి యాలస్యమగుటయే వాక్యార్థమునకు వలయు నాలస్యము కావచ్చును. వ్రేళ్ల యంకెలలో నర్థబోధ నిమిడ్చిన యీ యుపాయము వ్యాఖ్యాన చరిత్రలోనే యపూర్వము.

కాని పరిష్కర్తగా ష్నాబెల్ చేసిన యొక కార్యము క్షంతవ్యముగాఁ దోఁపదు. తాను చేర్చిన వానిలోఁ బెక్కింటిని చిన్నయచ్చులోనో కుండలీకరణములలోనో ముద్రింపించి మూలమునుండి వేఱుపఱచెను, ఇది యుక్తము. అయితే స్వరములను గలుపు వంపుగీఁతలను, ఊనిక గుఱుతులను, మెట్లను దాఁకవలసిన తీరును దెలుపు చిహ్నములను గుఱించి పీఠికలో వేఱొక మాట చెప్పెను. కృతికర్త వానిని గొన్నియెడల నజాగ్రత్తగా వ్రాసెననియు, వానిని దన వివేకము ననుసరించి కుదించుట, పొడిగించుట, మార్చుట పరిష్కర్తకు విధియే యనియు, అట్టి మార్పులను ప్రత్యేకముగ సూచింపలేదనియు నందుఁ గలదు. నిష్కాపట్యమునకు మెచ్చవలసినదే. కాని పాఠమును మార్చి, మార్చితినని యాయా స్థలములఁ దెలుపకుండుట యే దేశమున నే శాస్త్రమునఁ జేసినను దోషమే. వంపుగీఁత స్వల్పవిషయము గాదు. పద్యమునఁ బదచ్ఛేద మెట్టిదో స్వరపంక్తికి వంపుగీఁత యట్టిది. మూలము హద్దు దాఁటనన్న వ్యాఖ్యాత ఇచ్చట మూలమునే కదల్చెను. 1948లో స్థాపింపఁబడిన హెన్లె ప్రచురణాలయము మొదలగువారు వ్రాఁతప్రతులను, ప్రథమముద్రణములను సరిచూచి శుద్ధపాఠములు ప్రకటించిన పిదపఁ బాఠనిర్ణయమునకు ష్నాబెల్ ప్రతిని జూచువారు తగ్గిపోయిరి. తగ్గుట న్యాయము. శుద్ధపాఠమును ప్రక్కన నుంచుకొని చదివినచో నదే ప్రతి గొప్ప వ్యాఖ్యగా నిలుచును. మూలమని యొప్పుకొన్నవారు మోసపోవుదురు, వ్యాఖ్య యని చదివినవారు లాభము పొందుదురు.

బోధనలో నీ దోషమునకుఁ దావు లేదు. ఏలయన, పాఠము చెప్పునపుడు గ్రంథము శిష్యుని యెదుటనే యుండును. గురువు మాట వేఱుగా వినఁబడును. 1925 నుండి బెర్లిను సంగీతకళాశాలలోను, పిమ్మట ఇటలీయందు కోమో సరస్సు గట్టుననున్న ట్రెమెజ్జో గ్రామమునను ఆతఁడు నడపిన తరగతులకు దేశదేశములనుండి శిష్యులు వచ్చిరి. ఒకరికిఁ బాఠము జరుగుచుండఁగాఁ దక్కినవారు కూర్చుండి వినుచుందురు. శిష్యునకొక పియానో, గురువునకొక పియానో. వ్రేళ్లకు సాధకము చేయించుట, మెట్లపై స్వరావళులు వాయింపించుట యాతని తరగతిలో లేవు. అవి శిష్యుఁడు ముందే చేసికొని రావలయును. ఒక్కొక్క కృతికి సామాన్యముగ నొక్కటే పాఠము. ఆ కృతినిగూర్చి చెప్పఁదగినదంతయు నా యొక్క పాఠముననే చెప్పి, మరల దానిని వినకుండుట యాతని పద్ధతి. అట్టి పాఠము గంటల కొలఁది సాఁగెడిది. కొన్ని తాళఖండములకే చాలకాలము గడచుటయుఁ గలదు. ఆతని శిష్యుఁడైన కొన్రాడ్ వోల్ఫ్ ఆ బోధనా విధానమును 1972లో గ్రంథరూపమునఁ బ్రకటించెను. ష్నాబెల్ నేర్పినది వాయించు విధము గాదు, చదువు విధమని యా గ్రంథము చదివినవారికిఁ దెలియును. ఈ స్వర మేల యిచ్చట నున్నది? దీనికి ముందుదానికి నిది యుత్తరమా, మఱియొక ప్రశ్నయా? వాక్యమున బలము మొదటి తాళఖండముననా, మూఁడవదాననా? ఇట్టివి యందలి విచారములు.

ఈ బోధన ఫలించిన దనుటకు నిదర్శన మేమనఁగా, ఆతని శిష్యులలోఁ బేరుపొందినవా రాతనివలె వాయింపలేదు. ఆంగ్లేయుఁడైన క్లిఫర్డ్ కర్జన్ (1907-1982) 1928 నుండి రెండేండ్లు బెర్లినునందు నేర్చెను. గురువు సాహసి, తొందరపడువాఁడు. శిష్యుఁడు నెమ్మది గలవాఁడు, ఒక్క స్వరమునుగూడ సందేహముతో విడువనివాఁడు. లిలి క్రౌస్ (1903-1986) మోత్సార్టు కృతులకుఁ బ్రసిద్ధి గాంచెను. గురువును బోలని శిష్యులు గలుగుట లెషెటిట్‌స్కీ తరగతినుండి వచ్చిన వారసత్వమే.

1933లో జర్మనీయందు నాజీలు రాజ్యాధికారము గైకొనిరి. ఆ సమయమున బెర్లినునందు ష్నాబెల్ మరల ముప్పదిరెండు సొనాటాలను వాయించుచుండెను. ఆ సభలను రేడియోలో వినిపించుట మధ్యలో నిలిపివేయఁబడెను. ఆ యేఁటి వసంతమున నాతఁడు జర్మనీ విడిచెను. మరల నచ్చట నెన్నఁడును వాయింపలేదు. 1939లో నమెరికాకుఁ జేరి, 1940 మొదలు 1945 వఱకు మిచిగన్ విశ్వవిద్యాలయమున బోధించి, 1944లో నా దేశపుఁ బౌరుఁడయ్యెను. వియన్నాలో నుండిపోయిన తల్లిని 1942లో నాజీలు థెరేజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరమునకుఁ గొనిపోయిరి; ఆ వృద్ధురా లచ్చటనే మరణించెను. యుద్ధానంతర మాతఁ డైరోపాకు వచ్చుచు వాయించుచుండెను గాని ఆస్ట్రియాలోఁ గూడ వాయింపనొల్లఁడయ్యెను. 1951 ఆగస్టు 15వ తేదీని స్విట్జర్లాండులో మరణించెను.

ష్నాబెల్ కీర్తి నేఁడు నిలిచి యుండుటకుఁ గారణమైనది యాతఁడు చిరకాలము నిరాకరించిన గ్రామఫోను. సభలో నొక్కమాఱు పలికి గతించు సంగీతమును బలకపైఁ జెక్కి మార్పులేనిదిగాఁ జేయుట యాతని సమ్మతికి విరుద్ధము. ఎవ్వరు, ఎట్టి స్థితిలో వినుచున్నారో వాదకునికిఁ దెలియకుండుట మఱియొక యభ్యంతరము. హిజ్ మాస్టర్స్ వాయిస్ సంస్థకుఁ జెందిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఆతని నొప్పించెను. (1902లోఁ గలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానమును బలకలపై నెక్కించినవాఁ డీ గైస్‌బర్గే.) చందాదారులు ముందుగా సొమ్ము చెల్లించు సొసైటీ యొకటి యేర్పడెను. 1932 మొదలు 1935 వఱకు లండనులోని ఆబీ రోడ్డు శాలయందు ముప్పదిరెండు సొనాటాలును రికార్డు చేయఁబడెను. ఇట్లు సమగ్రముగాఁ జేయుట లోకమున నిదియే మొదలు. నాఁటి పలక యొక ప్రక్కకు నాలుగు నిమిషములకంటె నంతగా మించదు. కావున దీర్ఘమైన భాగమును నాలుగేసి నిమిషముల ముక్కలుగా వాయించి యాఁపవలయును. ఎచ్చటనైనఁ దప్పు దొరలిన నా ముక్కయంతయు మరల వాయింపవలయును గాని, దోషము దొరలినంతమేర కత్తిరించి యతుకుటకు వీలు లేదు. వాక్యము విఱుగరాదని జీవితమంతయు బోధించినవాని కిది యెంత హింసయో యూహింపవచ్చును.

ఈ రికార్డులలో వివాదమునకు మూలమైనది 1935 నవంబరులోఁ జేసిన హామ్మర్‌క్లావియర్ అను 106వ సంఖ్య గల సొనాటా. బీథోవెను దీనిని 1817, 1818 సంవత్సరములలో రచించెను. మెట్రొనోము అను కాలమాన యంత్రపు టంకెలను ఆతఁడు నిర్దేశించిన పియానో సొనాటా ఇది యొక్కటే. 1819లో లండనునందున్న తన శిష్యుఁడు రీస్‌నకు వ్రాసిన లేఖలో నా యంకెలను దెలిపెను. మొదటి భాగమునకు నిమిషమునకు 138 అర్ధస్వరములు. ఇది మిక్కిలి వడిగల నడక. వాదకులలోఁ బెక్కుమంది కృతికర్త యంత్రము చెడిపోయి యుండుననియో, చెవుడుచే నాతఁడు పొరపడెననియో చెప్పి మెల్లగా వాయించుట యాచారము. ష్నాబెల్ యా సాకు నొల్లక, చెప్పిన వడికి సమీపముగాఁ బోవఁ బూనెను. ఫలితము లోకమునకుఁ దెలిసినదే. స్వరములు తప్పినవి, కొన్ని పడలేదు, కొన్నియెడల వ్రేళ్లు ఒండొంటిపైఁ దొట్రుపడినవి. ఆతని నారాధించువా రీ తప్పులను శౌర్యచిహ్నములుగా వర్ణింతురు. గిట్టనివారు సాధకము చాలదందురు.

రెండును సరి గావు. తప్పుస్వరము తప్పే. కవి వ్రాసిన పద్యమున రెండక్షరములు మ్రింగి చదివినవానిని, భావము తెలిసి చదివెనని యెవ్వరును సమర్థింపరు. అయితే యా వడి మాత్రము తప్పు గాదు, అది యొక వాదము. మెల్లగా నడపినచో నీ భాగము గొప్ప రాజభవనమువలె స్థిరమై, గంభీరమై కానఁబడును. 138కి దగ్గఱగా నడపినచో భవనము పోయి ప్రవాహము వచ్చును. స్వరసముదాయములు ఒకదాని నొకటి తఱుముకొనుచు, శ్రోతకు ఊపిరి సలుపనీయవు. బీథోవెను కోరినది యీ యూపిరి సలుపని స్థితియే కావచ్చునను నూహ లోకమునకు మొట్టమొదట వినఁబడినది యీ పలకలపైననే. వ్యాఖ్యాత పాఠమును జదువుటలోఁ దొట్రుపడెను గాని చెప్పిన యర్థము సరియైనది.

ఇంతకంటె బలమైన యాక్షేపణ వేఱొకటి కలదు; దానిని ష్నాబెల్ పక్షపాతులు తఱచుగాఁ బట్టించుకొనరు. అదే సొనాటాలో మూఁడవ భాగమైన అదాజియోకును బీథోవెను అంకె వ్రాసెను: నిమిషమునకు 92 అష్టమాంశ స్వరములు. ఆ భాగమునఁ దాళఖండములు 187. ఒక్కొక్క దానికి అష్టమాంశము లాఱు. లెక్క చూచిన నా భాగము పండ్రెండు నిమిషములకుఁ గొంచెము మించి ముగియవలయును. ష్నాబెల్ దానికిఁ దీసికొన్నది యించుమించు పదునెనిమిది నిమిషములు. మొదటి భాగమున నంకెను గౌరవించుటకై స్వరములను బలి యిచ్చినవాఁడు, మూఁడవ భాగమున నదే చేతి వ్రాఁతయైన యంకెను ఏల విడిచెను? మూలమునకు విధేయత యను పేరు మొదటిదానికిఁ బెట్టినచో రెండవదానికి నే పేరు పెట్టవలయును?

దీనికి సమాధానము ఆ యదాజియోను వినుటవలననే దొరకును. దానిలో నొక్క స్వరమును సోమరిగా నిలువదు. ఎంత మెల్లగా నడచినను ముందునకు వంగి నడచును. నడుమ నిశ్శబ్దములు సైతము వాక్యములోఁ బదములవలెఁ బనిచేయును. తాను స్వరములను ఇతరవాదకులకంటె మిన్నగా వాయింపననియు, స్వరముల నడుమ విరామములయందే కళ యున్నదనియు నాతఁడు చెప్పినట్లున్న మాట కీ భాగమే యుదాహరణము. ఈ భాగమునకు మొదటనున్న రెండు స్వరముల కథ యిచ్చటఁ జెప్పఁదగినది. సొనాటా యంతయు వ్రాసి ముగించిన తరువాత, కాలప్రమాణపు టంకెలతోఁబాటు బీథోవెను ఈ రెండు స్వరములను రీస్‌నకుఁ బంపి, అదాజియో ప్రారంభమున మొదటి తాళఖండముగాఁ జేర్పుమని కోరెను. రెండే స్వరములు, మెల్లగాఁ బైకెక్కును. ష్నాబెల్ వాయించునపుడు అవి ఒక తలుపు తెఱచినట్లుండును. తరువాతి పదునెనిమిది నిమిషములు ఆ తలుపు లోపలివి. వడి తప్పెను గాని యర్థము తప్పలేదని యొప్పుకొనకతీఱదు. అయినను ఇది విధేయత యని చెప్పరాదు. అంకెలలో నొకదానిని గైకొని మఱియొకదానిని విడుచుట వ్యాఖ్యాత చేసిన యెన్నిక. ష్నాబెల్ ఎన్నికలు ఘనమైనవి. ఎన్నికలే గావని, మూలమే తన నోటఁ బలికినదని యాతని భక్తులు చెప్పుట మాత్ర మసత్యము. ముద్రణమున వంపుగీఁతల విషయమునఁ జూపిన స్వాతంత్ర్యమునకును, ఇచ్చటి స్వాతంత్ర్యమునకును మూల మొక్కటే. అక్కడ నది దోషమైనది, ఏలయన పాఠకుఁడు మూలమును జూడఁగోరి గ్రంథము దెఱచును. ఇక్కడ దోషము గాలేదు, ఏలయన శ్రోత ష్నాబెలును వినఁగోరియే పలక తిప్పును.

ఆతని సొంత కృతులను గూర్చి నాలుగు మాటలు చాలును. మూఁడు సింఫనీలు, తంత్రీవాద్య చతుష్టయమునకు రచించిన కృతులైదు, 1919లో ఒంటి వయొలినుకు వ్రాసిన సుదీర్ఘమైన సొనాటా మొదలగునవి కలవు. మొదటి సింఫనీని మిట్రొపౌలొస్ 1946లో మినియాపొలిసునందు వినిపించెను. అవి షోన్‌బెర్గు కాలపు నవీనమార్గమున, ఒక ఆధారస్వరమునకుఁ గట్టువడక నడచు కృతులు. పాతకాలపు మువ్వురు కృతికర్తలకే సభలలో దన్ను నర్పించుకొన్నవాఁడు ఇంటఁ గూర్చుండి యిట్టి నవ్యకృతులను వ్రాసెననుట యనేకులకు వింత. తన కృతులను దాను సభలలో వాయింపకుండుట మఱింత వింత. వానిని వాయించువారు నేఁటికిని గొలఁదిమంది. ఉన్నంతలో ఒంటి వయొలిను సొనాటా వినఁదగినది.

ష్నాబెల్ శిష్యులలోఁ గడపటి తరమువాఁడు లియాన్ ఫ్లైషర్ (1928-2020). తొమ్మిదవ యేఁట, 1938లో, ట్రెమెజ్జోయందు తరగతిలోఁ జేరి పదేండ్లు నేర్చెను. ముప్పదియేడేండ్ల ప్రాయము రాకముందే కుడిచేతి వ్రేళ్లు రెండు ముడుచుకొనిపోవు నరముల వ్యాధిచే నాతఁడు రెండుచేతుల వాదనమును విడువవలసి వచ్చెను. మరల రెండుచేతుల వాయించునప్పటికి ముప్పదియేండ్లు గడచెను. ఆ నడిమికాలమున బాల్టిమోరులోని పీబొడి విద్యాలయమునఁ బాఠములు చెప్పెను. ష్నాబెల్ తరగతిలో రెండవ పియానో యుండెడిది. మాట చాలనిచో గురువు వాయించి చూపెడివాఁడు. ఫ్లైషరునకు అట్లు వాయించి చూపుటకు వీలు లేకపోయెను. శిష్యుని లేపి తాను కూర్చుండి వాయించుటకు మాఱుగా, స్వరమేల యట్లుండవలయునో మాటలతోనే చెప్పుటను నేర్చుకొంటినని యాతఁడు పలుమాఱులు చెప్పెను.